కణపు పొరను వంచునది ఏది?

మన దేహమందలి కణములన్నియు ఒకే కణమునుండి విభజనచే ఏర్పడినవే. అయినను వాని రూపములు ఒక్కటి కావు. రక్తమునందలి ఎఱ్ఱకణము మధ్య నొక్కిన బిళ్ళవలె ఉండును. వెన్నెముకనుండి కాలివ్రేలివరకు సాగు నాడీకణపు తంతువు సుమారు ఒక మీటరు పొడవుండును. తెల్లకణము క్షణక్షణము రూపు మార్చుకొనుచు, సూక్ష్మజీవి ఎదురైనచో చేతులు చాచినట్లు పొరను సాచి దానిని మ్రింగివేయును. చిన్నప్రేవులలోని కణములు తమ పైతలమున కుంచె వెంట్రుకలవంటి సన్నని వ్రేళ్ళను వేలకొలది నిలిపి ఆహారరసమును పీల్చుకొనును.

ఇన్ని రూపములుగల కణములను కప్పియున్న పొర మాత్రము ఒక్క తీరుననే నిర్మింపబడినది. రెండు వరుసల క్రొవ్వు అణువులతో ఏర్పడి, నూనెవలె జారుచుండు పలుచని పొర అది. దాని మందము సుమారు 5 నానోమీటరులు. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఆ పొరకు స్వయముగా బిళ్ళ రూపముగాని, తంతువు రూపముగాని లేదు. దాని మానాన దానిని విడిచినచో సబ్బుబుడగవలె గుండ్రముగా మూసికొనును. మరి దానిని వంచి, సాచి, ముడిచి, త్రుంచి ఇన్ని ఆకారములు కల్పించుచున్నది ఏది?

కణములోని ప్రోటీనులే, అనగా మాంసకృత్తులే, ఆ పని చేయుచున్నవని నేడు తెలియును. ఈ సమాధానము లభించుటకు సుమారు నూరు సంవత్సరములు పట్టినది. ఆ నూరేండ్ల చరిత్రలో భీమవరమున పుట్టిన ఒక తెలుగు శాస్త్రజ్ఞుని పనియు, హైదరాబాదు నగరమున తార్నాక, హబ్సిగూడ ప్రాంతమునందలి ప్రయోగశాలల పనియు చేరియున్నవి.

సికిందరాబాదునుండి లాలాగూడ ప్రక్కగా తార్నాకకు పోవు దారిలో రైలు పెట్టెల కర్మశాల ఉన్నది. నిజాం రైల్వే కాలమున నెలకొల్పబడిన ఆ కర్మశాలను తలచుకొన్నచో కణనిర్మాణము కొంత సులభముగా బోధపడును. రైలు పెట్టెకు లోపల ఉక్కు చట్రము, పైన రేకు ఉండును. రేకును వంచుటకు తగిన వంపుగల దిమ్మ ఒకటి, దానిపై ఒత్తుటకు బలము ఒకటి కావలెను. కణమునందును పైన పొర, లోన చట్రము, వంపునిచ్చు దిమ్మలు, ఒత్తునట్టి బలము అన్నియు ఉన్నవి. భేదమేమనగా, రైలు పెట్టె చట్రమును ఒకసారి బిగించినచో అది ఏండ్లతరబడి నిలుచును. కణపు చట్రము నిమిషములలో విప్పబడి మరల కట్టబడుచుండును. దానిని కట్టు పనివారును, కట్టబడు కమ్మీలును ప్రోటీనులే.

రెండు వరుసల పొర

కణమునకు పొర ఉన్నదని సూక్ష్మదర్శినితో చూచి తెలిసికొనుట మొదట సాధ్యము కాలేదు. అది అంత పలుచనిది. 1890 ప్రాంతమున జూరిచ్ నగరమున పనిచేయుచుండిన ఓవర్టన్ అను శాస్త్రజ్ఞుడు అనేక పదార్థములను కణములపై ప్రయోగించి, నూనెలో సులభముగా కరగు పదార్థములే కణములోనికి సులభముగా ప్రవేశించుచున్నవని గమనించెను. కావున కణపు సరిహద్దు క్రొవ్వుజాతి పదార్థముతో ఏర్పడియుండవలెనని ఆయన తీర్మానించెను.

1925లో హాలెండు దేశమునందలి లైడెన్ నగరమున గోర్టర్, గ్రెండెల్ అను ఇద్దరు ఒక సరళమైన ప్రయోగము చేసిరి. ఎఱ్ఱకణములనుండి క్రొవ్వును తీసి నీటిపై పరచి, అది ఎంత మేర వ్యాపించునో కొలిచిరి. ఆ వైశాల్యము కణముల ఉపరితలమునకు రెట్టింపుగా కనబడెను. కావున పొరలో క్రొవ్వు అణువులు రెండు వరుసలుగా ఉండవలెనని వారు చెప్పిరి. ఇందొక విచిత్రమున్నది. వారు క్రొవ్వునంతను పూర్తిగా తీయలేకపోయిరి. కణపు ఉపరితలమును గూడ తక్కువగా లెక్కించిరి. ఈ రెండు పొరపాట్లు ఒకదానినొకటి కొట్టివేసికొనగా ఫలితము సరియైనదిగా మిగిలెను. తరువాతి పరిశోధనలన్నియు రెండు వరుసల మాటనే బలపరచినవి.

పొరలోని ముఖ్యమైన క్రొవ్వు అణువులకు ఫాస్ఫోలిపిడులని పేరు. ఒక్కొక్క అణువునకు నీటిని కోరు తల ఒకటి, నీటిని విడనాడు తోకలు రెండు ఉండును. తోకలు లోపలికి, తలలు వెలుపలికి త్రిప్పి రెండు వరుసలుగా నిలుచుటయే వానికి సహజమైన స్థితి. తలయందు భాస్వరపు పరమాణువు ఉండును. సాధారణముగా ఒక అణువునకు ఒక భాస్వరము. కావున భాస్వరమును కొలిచినచో అణువులను లెక్కించినట్లే.

సరిగా ఆ 1925లోనే, అమెరికాలోని హార్వర్డ్ వైద్యకళాశాలలో భాస్వరమును కొలుచుటకు ఒక సులభమైన పద్ధతి వెలువడెను. దానిని రూపొందించినవారు సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, పై చదువునకు సముద్రములు దాటిన సుబ్బారావుగారి పేరు ఆ పద్ధతికి శాశ్వతముగా అంటిపెట్టుకొనెను. భాస్వరము మాలిబ్డేటుతో కలిసి ఏర్పడిన సమ్మేళనమును క్షయకరణము చేసినచో నీలిరంగు వచ్చును. రంగు ఎంత చిక్కనైనచో భాస్వరము అంత ఎక్కువ. కొద్దిపాటి రక్తముతోను, కండరపు తునకతోను లెక్క తేలును. ఫిస్క్, సుబ్బారావుల ఉద్దేశము కణపు పొరలను లెక్కించుట కాదు. దేహమందలి భాస్వర సమ్మేళనములను అన్వేషించుట. కాని పొరలపై పరిశోధన చేయువారికి అది చేతికందిన తూనిక అయినది. సవరణలతో ఆ పద్ధతి నేటికిని వాడుకలో ఉన్నది.

బలము ఎచ్చటనుండి వచ్చును?

ఆ నీలిరంగే మరియొక తలుపు తెరచినది. కండరములోని భాస్వరమును కొలుచుచుండగా రంగు తేలు వేగము ఊహించినట్లు లేకపోయెను. ఆ తేడాను విడువక పట్టుకొని పోయిన ఫిస్క్, సుబ్బారావులు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను సమ్మేళనమును ప్రకటించిరి. 1929లో ఏ.టి.పి. అను సమ్మేళనమును కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా దానినే కనుగొనెను. అంతవరకు కండరము ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమని పలువురు నమ్ముచుండిరి. క్రమముగా ఆ నమ్మిక తొలగి, కణము తన పనులకు ఖర్చుపెట్టు నాణెము ఏ.టి.పి. అని స్థిరపడినది.

ఆ నాణెమును ఖర్చుపెట్టునది ఎవరన్న ప్రశ్నకు సమాధానము 1939లో రష్యాలో లభించినది. కండరములోని మయోసిన్ అను ప్రోటీనే ఏ.టి.పి.ని విచ్ఛిన్నము చేయుచున్నదని ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా అనువారు చూపిరి. 1942లో హంగెరీ దేశపు సెగెడ్ నగరమున సెంట్ గ్యోర్గీ ప్రయోగశాలలో స్ట్రౌబ్ అను యువకుడు మయోసిన్‌తో జతగూడు ఆక్టిన్ అను ప్రోటీనును వేరుచేసెను. ఆక్టిన్ అణువులు పూసలవలె ఒకదానినొకటి పట్టుకొని 7 నానోమీటరుల మందముగల తాడుగా పేనుకొనును.

చాలాకాలము ఆక్టిన్ కండరమునకే చెందినదని భావింపబడెను. 1966లో జపానులో హతానో, ఓసావా అనువారు కండరమే లేని ఒక బంకజీవినుండి ఆక్టిన్‌ను తీసి చూపుటతో ఆ భావన తలక్రిందులైనది. ప్రాకు కణము, విభజన చెందు కణము, మ్రింగు కణము, అన్నిటియందును ఆక్టిన్ ఉన్నది. ఇంతలో 1963లో గ్లూటరాల్డిహైడ్ అను ద్రవముతో కణములను చెదరకుండ నిలిపి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచు పద్ధతి వచ్చెను. పూర్వపు ద్రవములలో కరగిపోవుచుండిన 25 నానోమీటరుల గొట్టములు అప్పుడు స్పష్టముగా కనబడినవి. వానికి సూక్ష్మనాళికలని పేరు. ఈ రెంటికిని నడుమ, 10 నానోమీటరుల మందముగల మూడవరకపు తంతువులును ఉన్నవి. ఈ మూడింటి సమూహమే కణపంజరము.

పంజరమను మాటవలన ఎముకలు స్ఫురించును గాని ఈ పంజరము నిలకడగలది కాదు. ఆక్టిన్ తాడునకు ఒక కొనయందు పూసలు చేరుచుండును. మరియొక కొనయందు ఊడుచుండును. పూస చేరునప్పుడు తనతో ఒక ఏ.టి.పి.ని తెచ్చుకొని, చేరిన పిదప దానిని విచ్ఛిన్నము చేయును. తాడు పెరుగు కొన పొరకు ఎదురుగా ఉన్నచో పొర ముందునకు నెట్టబడును. తెల్లకణము చేయి చాచినట్లు కనబడుట ఇదియే.

తార్నాక దారిలో

ఇట్టి పరిశోధనలకు హైదరాబాదున తావు ఏర్పడిన చరిత్ర వేరొక చోట మొదలైనది. 1944లో నాటి హైదరాబాదు రాజ్యప్రభుత్వము శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనలకై కేంద్ర ప్రయోగశాలలను స్థాపించెను. 1956లో అవి కేంద్రప్రభుత్వ శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి క్రిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనాశాల అయినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు సమీపమున, తార్నాకలో ఉన్న ఆ సంస్థకు 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పేరు వచ్చినది. బొగ్గు, నూనెలు, మందులు, క్రిమినాశకములు దాని ముఖ్య విషయములు.

అట్టి సంస్థలో ఒక మూల జీవరసాయన విభాగము ఉండెను. దానిని నడిపినవారు డాక్టరు పుష్పమిత్ర భార్గవ. 1962లో జేకబ్, భార్గవలు ఎలుక కాలేయమును విడివిడి కణములుగా విడదీయు ఒక పద్ధతిని ప్రకటించిరి. అవయవమును కణములుగా విడదీసినగాని కణపు స్వభావము తెలియదు. 1977 ఏప్రిల్ 1న ఈ విభాగమే బీజముగా కణ, అణు జీవశాస్త్ర కేంద్రము ఏర్పడినది. సి.సి.ఎమ్.బి. అను పొడి అక్షరములతో నగరవాసులు పిలుచు సంస్థ అదియే. తార్నాకనుండి ఉప్పల్ వైపు పోవు దారిలో, హబ్సిగూడ వద్ద నిర్మించిన దాని భవనములను 1987 నవంబరు 26న నాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ జాతికి అంకితము చేసెను.

ఈ సంస్థ తొలినాటి పనులలో ఒకటి మన ప్రశ్నకు చాల దగ్గరిది. ఎద్దు వీర్యద్రవమునుండి సెమినల్‌ప్లాస్మిన్ అను చిన్న ప్రోటీనును వేరుచేసి, అది బాక్టీరియాలను చంపుచున్నదని రెడ్డి, భార్గవలు 1979లో ప్రకటించిరి. బాక్టీరియా లోపల ఆర్.ఎన్.ఏ. తయారగుటను అది ఆపుచున్నదని వారి అభిప్రాయము. అయినచో అది పొరను ఎట్లు దాటినది? ఈ ప్రశ్నను వేరొక దిక్కునుండి పరిశీలించినవారు అచ్చటనే పనిచేసిన సీతారాం, నాగరాజులు. ఆ ప్రోటీనులోని 13 అమైనో ఆమ్లముల నూనెప్రియమైన భాగమును మాత్రము ప్రయోగశాలలో కట్టి, 1990లో పరీక్షించిరి. ఆ తునకయే బాక్టీరియాలను చంపెను. ఎఱ్ఱకణముల పొరను గూడ ఛేదించెను. అనగా ప్రోటీనులోని ఒక చిన్న ముక్క పొరలో దిగబడి దాని కట్టును సడలింపగలదు.

హైదరాబాదు విశ్వవిద్యాలయమున ముస్తి జె. స్వామి, వారి శిష్యులు ఎద్దు వీర్యద్రవములోని పి.డి.సి-109 అను వేరొక ప్రోటీనును పరిశీలించి, అది ఫాస్ఫోలిపిడుల తలలను పట్టుకొని పొరతో ఎట్లు మెలగుచున్నదో తేల్చిరి. పొర వట్టి సంచి కాదు, ప్రోటీనులు దానిలో చొచ్చుకొనిపోవును, దానిని మార్చును అను భావము ఇట్టి పనులవలన హైదరాబాదున వేళ్ళూనినది.

వంచు ఉపాయములు

పొరను వంచుటకు ఎంత బలము కావలెను? 1973లో జర్మనీలో హెల్ఫ్రిష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దీనికి గణితము కట్టెను. అణువుల సహజమైన వేడి కదలికలో ఉండు శక్తిని ఒక పాలుగా తీసికొందము. చదునైన పొరను గుండ్రని బుడగగా వంచుటకు సుమారు 500 పాళ్ళు కావలెను. బుడగ చిన్నదైనను పెద్దదైనను లెక్క ఒక్కటే. ఏలయనగా చిన్న బుడగకు వంపు ఎక్కువ, వైశాల్యము తక్కువ. ఒక ఏ.టి.పి. అణువు విచ్ఛిన్నమైనప్పుడు కణములో లభించు శక్తి సుమారు 20 పాళ్ళు. కావున బుడగ దానంతట అది ఏర్పడదు. దానికి వెల చెల్లింపవలెను. అయినను ఆ వెల కణమునకు మించినది కాదు, పాతిక ఏ.టి.పి. అణువుల ఖరీదు.

ప్రోటీనులు ఈ పనిని నాలుగు విధముల సాధించుచున్నవి.

మొదటిది చీల దిగగొట్టుట. కొన్ని ప్రోటీనులలో ఒక వైపు నీటిని, ఒక వైపు నూనెను కోరు మెలికచుట్ట ఒకటి ఉండును. అది పొర పైవరుసలో సగమువరకు దిగబడగా ఆ వరుస వెడల్పై, పొర ఆ వైపునకు ఉబ్బును. 1974లో షీట్జ్, సింగర్ అనువారు ఎఱ్ఱకణములపై కొన్ని మందులను ప్రయోగించి, మందు వెలుపలి వరుసలో చేరినచో కణము ముండ్లతో ఉబ్బుననియు, లోపలి వరుసలో చేరినచో గిన్నెవలె గుంటపడుననియు చూపిరి. ఎప్సిన్ అను ప్రోటీను ఈ చీల ఉపాయమునే వాడుచున్నదని 2002లో కేంబ్రిడ్జినుండి ప్రకటింపబడెను. సెమినల్‌ప్లాస్మిన్ తునక పొరను ఛేదించుటయు, ఎప్సిన్ పొరను వంచుటయు మూలమున ఒకే జాతి క్రియలు. చీల మితముగా దిగినచో వంపు, మితిమీరినచో బీట.

రెండవది వంకర దిమ్మ. బార్ అను పేరుగల ప్రోటీను భాగము అరటిపండువలె వంగియుండుననియు, దాని లోవంపు పొరకు ఒత్తుకొని తన వంకరను పొరకు ఇచ్చుననియు 2004లో కేంబ్రిడ్జిలో మెక్‌మాహన్ బృందము చూపెను.

మూడవది బుట్ట అల్లుట. 1964లో రాత్, పోర్టర్ అనువారు దోమ అండకణములను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచిరి. దోమ రక్తము త్రాగిన కొన్ని గంటలలో అండకణపు పొరపై చిన్న గుంటలు అనేక రెట్లు పెరిగినవి. గుంటల వెనుకవైపు వెంట్రుకలవంటి కవచము కనబడెను. అండమునకు కావలసిన సొన ప్రోటీను ఆ గుంటలద్వారా లోనికి పోవుచున్నదని వారు గ్రహించిరి. 1975లో బార్బరా పియర్స్ ఆ కవచపు ప్రోటీనును శుద్ధిచేసి, మరుసటి సంవత్సరము దానికి క్లాత్రిన్ అని పేరిడెను. మూడు కాళ్ళుగల క్లాత్రిన్ అణువులు ఒకదాని కాలిలో ఒకటి కాలు పెనవేసి, మన వెదురు బుట్టవలె అల్లుకొని, లోని పొరను గుండ్రముగా బిగించును.

నాలుగవది వెనుకనుండి నెట్టుట. పైన చెప్పిన ఆక్టిన్ తాళ్ళు పెరుగుచు పొరను ముందునకు త్రోయును. వంచు ప్రోటీనులకును కణపంజరమునకును చుట్టరికము ఇచ్చట తెలియును. వంకర దిమ్మలవంటి ప్రోటీనులలో కొన్ని ఒక చేతితో పొరను వంచుచు, మరియొక చేతితో ఆక్టిన్ కట్టుబడిని పిలుచుకొని వచ్చును. దిమ్మయు బలమును ఒక్క చోటికి చేరుట ఇట్లు జరుగును.

త్రుంచు పట్టీ

గుంట లోతై బుడగ ఆకారము వచ్చినను, సన్నని మెడతో అది ఇంకను పొరకు అతుకుకొనియే ఉండును. ఆ మెడను త్రుంచినదేది?

దీని కథ ఒక ఈగతో మొదలైనది. 1973లో పండ్ల ఈగలలో ఒక వింత జాతి ప్రకటింపబడెను. మామూలు వేడిలో అవి బాగుగనే ఎగురును. 29 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో పక్షవాతము వచ్చినట్లు పడిపోవును. చల్లబరచినచో మరల లేచును. జపాను భాషలో స్పర్శ తప్పుటకు వాడు మాటతో వానికి షిబిరే అని పేరు. 1983లో కొసాకా, ఇకెడా అనువారు ఆ ఈగల నాడీకణములను చూడగా, పొరపై గుంటలన్నియు మెడవరకు వచ్చి ఆగిపోయియుండెను. బుడగ తెగకపోవుటచే నాడి తన రసాయన సందేశపు సంచులను తిరిగి నింపుకొనలేక మూగవోయినది.

1989లో ష్పెట్నర్, వల్లీ అనువారు మెదడునుండి డైనమిన్ అను ప్రోటీనును తీసిరి. సూక్ష్మనాళికలకు అంటుకొని దొరికినందున అది కణపంజరమునకు సంబంధించిన యంత్రమని వారు తలచిరి. రెండేండ్లకు, 1991లో, డైనమిన్ నిర్మాణమును షిబిరే ఈగల జన్యువుతో పోల్చగా రెండును ఒకే ప్రోటీనుకు చెందినవని తేలెను. పంజరపు యంత్రమనుకొన్నది పొరను త్రుంచు సాధనమైనది. 1995లో డైనమిన్ అణువులు తమంతట తాము ఉంగరములుగా చుట్టుకొనుచున్నవని హిన్షా, ష్మిడ్ అనువారు చూపిరి. మెడచుట్టు ఉంగరము బిగియును, ఏ.టి.పి.కి సోదరమైన జి.టి.పి.ని విచ్ఛిన్నము చేసి ఆ శక్తితో మెడను నులుమును.

నిజముగా డైనమిన్ ఒక్కటియే త్రుంచగలదా, ఇతర ప్రోటీనులు కూడ కావలెనా అను వాదము చాలకాలము సాగెను. దానిని తీర్చుటకు కణమును పూర్తిగా పక్కకు పెట్టి, శుద్ధమైన క్రొవ్వును, శుద్ధమైన డైనమిన్‌ను మాత్రము కలిపి కన్నులార చూడవలెను. ఇచ్చట కథ మరల హబ్సిగూడకు వచ్చుచున్నది. సి.సి.ఎమ్.బి.లో అమితాభ చట్టోపాధ్యాయ ప్రయోగశాల కణపు పొరల భౌతికశాస్త్రమునకు పేరుపొందినది. అచ్చట పరిశోధన చేసి పట్టము పొందిన థామస్ పుకాడియిల్ అమెరికాకు పోయి సాండ్రా ష్మిడ్‌తో చేరెను. గాజు పూసలపై అదనపు క్రొవ్వుపొరను పేర్చి, దానిపై డైనమిన్‌ను, జి.టి.పి.ని పోసి, బుడగలు తెగి విడిపోవుటను అప్పటికప్పుడు సూక్ష్మదర్శినిలో చూపిన వారి పరిశోధన 2008లో వెలువడెను. డైనమిన్‌కు త్రుంచు శక్తి స్వయముగా ఉన్నదని తేలెను.

తరువాత పుకాడియిల్ పుణెలోని భారతీయ విజ్ఞానశిక్షణ పరిశోధనా సంస్థలో చేరి, గాజుపలకపై సన్నని క్రొవ్వు గొట్టములను సాగదీసి పరచు పద్ధతిని తన బృందముతో రూపొందించెను. గొట్టముపై డైనమిన్ చేరుట, గొట్టము సన్నగిల్లుట, తెగుట వరుసగా కనబడును. శక్తి ఉత్పత్తికి నిలయమైన మైటోకాండ్రియాలను విభజించు డి.ఆర్.పి-1 అను మరియొక ప్రోటీనును గూడ ఇట్లే పరీక్షించి 2018లో ప్రకటించిరి. అదే సంవత్సరమునకు ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించినది.

పొరకును పంజరమునకును పొత్తు

చట్టోపాధ్యాయ బృందము వేరొక వైపునుండి పొరకును పంజరమునకును గల సంబంధమును పరిశీలించినది. సెరొటోనిన్ అను మెదడు రసాయనమును అందుకొను ఒక ప్రోటీను కణపు పొరలో ఉండును. దానికి వెలుగునిచ్చు తోకను తగిలించి, పొరలో ఒక చిన్న చోట లేసరు కిరణముతో ఆ వెలుగును ఆర్పి, చుట్టునుండి వెలుగుగల అణువులు జారివచ్చి ఆ చోటు ఎంతసేపటికి నిండునో కొలిచిరి. ఆక్టిన్ పంజరమును సడలించినప్పుడు ఎక్కువ అణువులు కదలనారంభించెను. ఆ కదలికయు, ప్రోటీను లోనికి పంపు సందేశమును కలిసి మారుచుండెను. 2008లో వెలువడిన ఈ ఫలితమువలన పంజరము పొరకు రూపునిచ్చుటయే కాక, పొరలోని అణువులకు హద్దులు కూడ ఏర్పరచుచున్నదని తెలియుచున్నది.

వంపు తప్పినప్పుడు

ఈ విషయములన్నియు పండితుల వినోదమునకు మాత్రమే అనుకొనరాదు. వంపు తప్పినచోట వ్యాధి ఉన్నది.

ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించును. తన వెడల్పుకంటె సన్నని రక్తనాళములలో వంగి దూరుచు అది వేలకొలది మారులు దేహమును చుట్టివచ్చును. పొర క్రింద స్పెక్ట్రిన్ అను ప్రోటీను వలవలె పరచుకొనియుండుటచేతనే అది చిరుగక నిలుచుచున్నది. 1968లో మార్కేసి, స్టీర్స్ అనువారు ఈ ప్రోటీనును వేరుచేసిరి. పుట్టుకతోనే ఆ వలలో లోపమున్నవారికి పొర కొంచెము కొంచెముగా ఊడిపోయి, కణము బిళ్ళ రూపు వీడి గోళమగును. గోళము వంగలేదు. ప్లీహపు సన్నని సందులలో చిక్కి నశించును. బిడ్డకు రక్తహీనత, కామెర్లు కనబడును.

కండరమునందు మరియొక ఉదాహరణమున్నది. కండరకణపు పొర లోపలికి సన్నని గొట్టములుగా చొచ్చుకొనిపోయి, ముడుచుకొమ్మను సందేశమును లోతునకు చేర్చును. ఆ గొట్టములను వంచి నిలుపుటలో బిన్-1 అను వంకర దిమ్మ ప్రోటీను పాల్గొనును. 2005లో డైనమిన్-2 జన్యులోపములు, 2007లో బిన్-1 జన్యులోపములు ఒకే విధమైన పుట్టు కండర బలహీనతకు కారణములని తేలెను. వంచువానికి లోపము వచ్చినను, త్రుంచువాని పని అదుపు తప్పినను కండరము క్షీణించుచున్నది. ఇట్టి వ్యాధిగల ఎలుకలలో డైనమిన్-2 పరిమాణమును తగ్గించగా మేలు కనబడినదని 2014లో ఫ్రాన్సునుండి వార్త వచ్చెను. ఎలుకలో ఫలించినది మనుష్యునికి మందు కావలెనన్న ఇంకను చాల పరీక్ష కావలెను. కాని ఎచ్చట చేయి పెట్టవలెనో తెలియుటయే మొదటి మెట్టు.

కణములోపల ఉన్న కేంద్రకమునకును పొర ఉన్నది. దాని క్రింద లామిన్ అను ప్రోటీనుల వల ఉన్నది. సి.సి.ఎమ్.బి.లో వీణా పర్నాయక్ చాల సంవత్సరములు లామినులపై పరిశోధనము సాగించిరి. లామిన్-ఏ లోపములవలన ఒక విధమైన కండరక్షీణత వచ్చునని 1999లోను, పసితనముననే ముసలితనము కమ్ము వ్యాధి వచ్చునని 2003లోను ప్రపంచమునకు తెలిసెను. ఆ లోపములుగల లామినులు కేంద్రకపు రూపును ఎట్లు చెరచుచున్నవో, కండరకణము పరిపక్వమగుటను ఎట్లు ఆటంకపరచుచున్నవో హైదరాబాదున పరీక్షింపబడినది.

విద్యార్థులు గ్రహింపవలసినది

ఈ చరిత్రను వరుసగా చూచినచో ఒక విషయము స్పష్టమగును. నీలిరంగును కొలిచిన సుబ్బారావుగారికి పొరల ధ్యాస లేదు. దోమ అండమును చూచినవారికి కండర వ్యాధి ధ్యాస లేదు. ఈగ ఎందుకు పడిపోవుచున్నదని అడిగినవారికి డైనమిన్ పేరే తెలియదు. ఎద్దు వీర్యములో బాక్టీరియాలను చంపు పదార్థము ఎందుకు ఉన్నదని అడిగినవారు పొర వంపునకు దారి వేయుచున్నామని అనుకొనలేదు. ఒక్కొక్కరు తమ ముందున్న చిన్న ప్రశ్నను నిజాయితీగా, కొలతతో, విడువక పట్టుకొనిరి. లెక్క తేలని చోట దానిని కప్పిపుచ్చక అచ్చటనే త్రవ్విరి.

ఉపాధ్యాయులు తరగతిలో దీనిని కొంతవరకు చూపవచ్చును. సబ్బునీటి బుడగను తీగ చట్రముపై నిలిపి, చట్రమును వంచుచు పోయినచో పొర తన రూపమును చట్రమునుండి పొందుటను పిల్లలు చూతురు. ఉల్లిపొరను ఉప్పునీటిలో వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో కణపు పొర గోడనుండి విడివడి ముడుచుకొనుట కనబడును. చట్రము ఆసరా తప్పిన పొర గుండ్రనగుటకు అది మంచి నిదర్శనము.

జీవము అనునది అచ్చులో పోసిన విగ్రహము వంటిది కాదు. ఎఱ్ఱకణము బిళ్ళగా ఉన్నదన్నను, నాడి తంతువుగా సాగినదన్నను, ప్రతి నిమిషమును కోట్లకొలది ప్రోటీను అణువులు పొరను పట్టి వంచుచు, తాళ్ళను కట్టుచు విప్పుచు, దానికై శక్తిని ఖర్చుచేయుచున్నవని అర్థము. ఆ ఖర్చు ఆగిన నాడు చట్రపు కట్టుబడి ఆగును. పొర తన పూర్వపు గుండ్రదనమునకు తిరిగిపోవును.